కర్త లేని వాక్యం: ఎన్‌కౌంటర్ కథనం, పోలీసు జవాబుదారీతనం – నల్లమల నేపథ్యంలో ఒక చారిత్రక పరిశీలన

ప్రస్తావన

కొల్లాపూర్ పూర్వం జటప్రోలు సంస్థానాధీశులైన సురభి వంశీయుల పాలనాకేంద్రం. నేడు నాగర్‌కర్నూల్ జిల్లాలో ఉన్న ఈ పట్టణానికి చేరువలోనే సోమశిల ఉంది. అక్కడ కృష్ణ దాటితే పూర్వపు కర్నూలు జిల్లా. నదికి ఇరువైపులా నల్లమల పరచుకొని ఉంది. ఈ అడవి ఒడ్డున ఉన్న పల్లెలకు 1980ల నుంచి 2000 దశకం చివరివరకు రెండు తుపాకుల మధ్య బతకడం దైనందిన అనుభవం. పగలు పోలీసులు వచ్చి రాత్రి అన్నం ఎవరికి పెట్టారని అడిగేవారు. రాత్రి వచ్చినవారు పగలు ఎవరితో మాట్లాడారని అడిగేవారు. ఈ రెండు ప్రశ్నలకూ జవాబు చెప్పుకోవలసినవాళ్లు చెంచులు, చిన్నరైతులు, కూలీలు. వాళ్లకు జవాబు చెప్పవలసినవారు ఎవరన్నదే ప్రస్తుత పరిశీలనకు మూలమైన ప్రశ్న.

పోలీసు కాల్పుల్లో మనిషి చనిపోతే ఎవరు, ఏ అధికారంతో, ఏ పరిస్థితిలో కాల్చారో తేల్చే బాధ్యత చట్టానిది. అయితే చట్టం ముందుకు వచ్చేది ఘటన కాదు, ఘటనను గురించిన కథనం. ప్రథమ సమాచార నివేదిక, పంచనామా, పత్రికా ప్రకటన, విచారణ సంఘం నివేదిక, న్యాయస్థానం తీర్పు – ఇవన్నీ కథనాలే. ఈ కథనాల్లో కర్త ఎక్కడ ఉన్నాడు, ఎక్కడ మాయమయ్యాడు అని గమనిస్తే తెలుగు ప్రాంతాల్లో పోలీసు సంస్కరణ ఎందుకు ఇంత నెమ్మదిగా సాగిందో కొంతవరకు తెలుస్తుంది. గిరాయిపల్లి నుంచి చటాన్‌పల్లి వరకు సాగిన సుమారు అర్ధశతాబ్ది చరిత్రను ఆ కోణంలో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కాల్పులు – ఎదురుకాల్పులు

తెలుగులో ‘పోలీసు కాల్పులు’ అన్న మాట మొదట గుంపులపై జరిపిన కాల్పులకు వాడుకలోకి వచ్చింది. పాలమూరు ప్రాంతానికి ఇది కొత్త కాదు. హైదరాబాదు సంస్థానాన్ని భారత యూనియన్‌లో కలపాలన్న ఉద్యమకాలంలో, 1947 అక్టోబరు 7న, ఆత్మకూరు ప్రాంతంలోని అప్పంపల్లిలో నిజాం పోలీసుల కాల్పులకు 11 మంది బలయ్యారు. 1952 సెప్టెంబరులో ముల్కీ ఉద్యమ సందర్భంగా హైదరాబాదు సిటీ కాలేజీ వద్ద జరిగిన కాల్పులపై జస్టిస్ పింగళి జగన్మోహన్‌రెడ్డి విచారణ జరిపారు. 1981 ఏప్రిల్ 20న ఆదిలాబాదు జిల్లా ఇంద్రవెల్లిలో గోండులపై జరిగిన కాల్పుల్లో ప్రభుత్వ లెక్క ప్రకారమే 13 మంది చనిపోయారు. 2000 ఆగస్టు 28న హైదరాబాదు బషీర్‌బాగ్‌లో విద్యుత్ చార్జీల వ్యతిరేక ఉద్యమకారులపై జరిపిన కాల్పుల్లో ముగ్గురు, 2007 జులై 28న ఖమ్మం జిల్లా ముదిగొండలో భూపోరాటకారులపై జరిపిన కాల్పుల్లో ఏడుగురు మరణించారు.

ఈ ఘటనలన్నిటికీ ఒక సామాన్య లక్షణం ఉంది. అవి పదిమంది చూస్తుండగా జరిగాయి. కాల్చింది ఎవరన్న విషయంలో వివాదం లేదు. కాల్చవలసిన అవసరం ఉన్నదా, ఆజ్ఞ ఎవరు ఇచ్చారు, హెచ్చరిక చేశారా అన్నవే వివాదాంశాలు. కనుక ఇక్కడ కర్త ఉన్నాడు. శిక్ష పడకపోవచ్చు, విచారణ నివేదిక బీరువాలో ఉండిపోవచ్చు, కాని ‘పోలీసులు కాల్చారు’ అన్న వాక్యాన్ని ఎవరూ కాదనలేరు.

‘ఎన్‌కౌంటర్’ దీనికి భిన్నమైనది. అది ఎక్కువగా అడవిలో, తెల్లవారుజామున, సాక్షులు లేనిచోట జరిగిన ఘటనగా నమోదవుతుంది. శ్రీకాకుళ ఉద్యమకాలంలో ఈ మాట తెలుగు పత్రికల్లో స్థిరపడింది. జముకుల కథ ద్వారా ఉద్యమాన్ని ప్రజల్లోకి తీసుకుపోయిన కవి సుబ్బారావు పాణిగ్రాహి 1969 డిసెంబరులో చనిపోయినప్పుడు, ఉద్యమ నాయకులు వెంపటాపు సత్యం, ఆదిభట్ల కైలాసం 1970 జులైలో చనిపోయినప్పుడు ప్రభుత్వం చెప్పిన మాట ఇదే. పట్టుకొని కాల్చారన్నది ఉద్యమకారుల వాదన. ఈ రెండు కథనాల మధ్య తీర్పు చెప్పగల విచారణ జరగలేదు.

ఈ ఆంగ్లపదానికి పత్రికలు కల్పించుకున్న తెలుగు సమానార్థకం ‘ఎదురుకాల్పులు’. ఇది అనువాదం మాత్రమే కాదు, ఒక నిర్ణయం కూడా. ‘ఎదురు’ అన్న విశేషణంలోనే అవతలివారు ముందు కాల్చారన్న అర్థం ఇమిడి ఉంది. ఎదురుమాట అంటే ముందు ఒక మాట ఉండాలి, ఎదురుదెబ్బకు ముందు ఒక దెబ్బ ఉండాలి. విచారణ తేల్చవలసిన అంశాన్ని పదమే ముందుగా తేల్చివేసింది. పౌరహక్కుల రచనల్లో తరచు కనిపించే ‘బూటకపు ఎన్‌కౌంటర్’ అన్న ప్రయోగం ఈ ముందస్తు తీర్పును తిప్పికొట్టే ప్రయత్నంగా పుట్టింది.

వాక్యనిర్మాణాన్ని గమనిస్తే మరో విషయం బోధపడుతుంది. తెలుగులో కర్మణి ప్రయోగం అంత సహజం కాదు. కర్తను దాచడానికి తెలుగు వ్యవహర్త ‘బడు’ ధాతువును ఆశ్రయించనక్కర లేదు, అకర్మక క్రియ చాలు. జరుపు – జరుగు, పేల్చు – పేలు, చంపు – చచ్చు వంటి జంటల్లో రెండవదాన్ని ఎంచుకుంటే చాలు. ‘కాల్పులు జరిగాయి’, ‘ఇద్దరు మృతిచెందారు’, ‘మృతదేహాలు లభించాయి’, ‘ఆయుధాలు దొరికాయి’ అన్న నాలుగు వాక్యాల్లో నలుగురు కర్తలు అదృశ్యమవుతారు. కొన్ని ప్రకటనల్లో ‘పోలీసులు ఆత్మరక్షణార్థం కాల్పులు జరిపారు’ అన్న సకర్మక వాక్యం కనబడే మాట నిజమే. అయితే అక్కడి కర్త సమూహవాచకం. నేరచట్టానికి సమూహం తెలియదు, వ్యక్తులు తెలుసు. ఆత్మరక్షణ హక్కు కూడా 2024 వరకు అమలులో ఉన్న భారత శిక్షాస్మృతి 96 నుంచి 106 వరకు ఉన్న సెక్షన్ల ప్రకారం వ్యక్తికి చెందిన హక్కే గాని దళానికి చెందిన హక్కు కాదు.

గిరాయిపల్లి: నిజనిర్ధారణ అనే వచన ప్రక్రియ

అత్యయిక పరిస్థితి విధించి నెల తిరిగిన నాడు, 1975 జులై 25న, మెదక్ జిల్లా గిరాయిపల్లి అడవిలో నలుగురు యువకులు చనిపోయారు. ఎన్‌కౌంటర్ జరిగిందని పోలీసులు ప్రకటించారు. అత్యయిక పరిస్థితి తొలగిన తరువాత, 1977లో, వి.ఎం. తార్కుండే అధ్యక్షతన ఏర్పడిన పౌర విచారణ సంఘం ఆ ప్రాంతానికి వెళ్లి సాక్ష్యాలు సేకరించింది. యువకులను ముందే పట్టుకొని, చెట్లకు కట్టి కాల్చారని ఆ సంఘం నిర్ధారించింది. ఈ సంఘంలో న్యాయవాది కె.జి. కన్నబిరాన్‌తో పాటు ప్రజాకవి కాళోజీ నారాయణరావు సభ్యులు. రాష్ట్ర ప్రభుత్వం జస్టిస్ వశిష్ఠ భార్గవ అధ్యక్షతన అధికారిక విచారణ సంఘాన్ని నియమించింది. కొంతకాలం బహిరంగంగా సాగిన ఆ విచారణను రహస్యంగా జరపాలని ప్రభుత్వం కోరడంతో పౌరసంఘం పక్షం విచారణ నుంచి తప్పుకొంది. ఆ విచారణ ఏ అధికారినీ నేరస్థుల బోను దాకా తీసుకుపోలేదు.

న్యాయపరంగా గిరాయిపల్లి విఫల ప్రయత్నం. అయితే తెలుగు వచన చరిత్రలో దానికి ఒక స్థానం ఉంది. ఆంధ్రప్రదేశ్ పౌరహక్కుల సంఘం తరువాతి దశాబ్దాల్లో వందల సంఖ్యలో వెలువరించిన నిజనిర్ధారణ నివేదికలకు గిరాయిపల్లి విచారణ నమూనా అయింది. ఈ నివేదికల వచనానికి కొన్ని స్థిరలక్షణాలు ఉన్నాయి. తేదీ, వేళ, ఊరు, అక్కడికి దారి, చూసినవారి మాటలు, శరీరంపై గాయాలు ఎక్కడ ఉన్నాయన్న వివరం, పోలీసు ప్రకటనలోని వైరుధ్యాలు – ఈ క్రమంలో అవి నడుస్తాయి. విశేషణాలు తక్కువ, నామవాచకాలు ఎక్కువ. పత్రికా ప్రకటన తొలగించిన కర్తను తిరిగి వాక్యంలో ప్రవేశపెట్టడమే ఈ వచనం చేసిన ప్రధానమైన పని. 1983 నుంచి పౌరహక్కుల సంఘం ప్రధాన కార్యదర్శిగా, 1998 తరువాత మానవహక్కుల వేదికలో పనిచేసిన కె. బాలగోపాల్ చేతిలో ఈ వచనం విశ్లేషణ స్థాయికి ఎదిగింది. సాహిత్య చరిత్రలు కథకు, కవితకు ఇచ్చిన చోటు ఈ ప్రక్రియకు ఇవ్వలేదు. కాని ఆధునిక తెలుగు వచనం సత్యాన్ని వెతికిన తీరు తెలుసుకోవాలంటే దీన్ని విస్మరించడం సాధ్యం కాదు.

ఈ వచనం రాసినవారు మూల్యం కూడా చెల్లించారు. 1985 సెప్టెంబరు 3న వరంగల్‌లో డాక్టర్ రామనాథం, 1991 డిసెంబరులో అదే నగరంలో న్యాయవాది నర్రా ప్రభాకర్‌రెడ్డి, 2000 నవంబరులో హైదరాబాదులో పురుషోత్తం, 2001 ఫిబ్రవరిలో నల్లగొండలో ఆజం అలీ హత్యకు గురయ్యారు. అందరూ పౌరహక్కుల సంఘం బాధ్యులే.

సోమశిల: రెండవ వైపు

ఈ చరిత్రను ఒకవైపు నుంచి మాత్రమే చెబితే అది అసంపూర్ణం. 1993లో కొల్లాపూర్ సమీపాన సోమశిల దారిలో పీపుల్స్‌వార్ నక్సలైట్లు జరిపిన పేలుడులో మహబూబ్‌నగర్ జిల్లా ఎస్పీ పరదేశీ నాయుడు, ఆయనతో పాటు పలువురు పోలీసులు మరణించారు. అదే ఏడాది జనవరిలో గ్రేహౌండ్స్ దళాన్ని తీర్చిదిద్దిన ఐపీఎస్ అధికారి కె.ఎస్. వ్యాస్ హైదరాబాదు లాల్‌బహదూర్ స్టేడియంలో హత్యకు గురయ్యారు. 2005 ఆగస్టు 15న మక్తల్ శాసనసభ్యుడు చిట్టెం నర్సిరెడ్డిని, ఆయన కుమారునితో పాటు మరికొందరిని నారాయణపేటలో మావోయిస్టులు కాల్చి చంపారు. ఈ మరణాల వెనుక కూడా కుటుంబాలు ఉన్నాయి. పోలీసు వ్యవస్థలో జవాబుదారీతనానికి ఎదురైన అయిష్టతను ఈ భయం నుంచి, ఈ దుఃఖం నుంచి విడదీసి అర్థం చేసుకోవడం కుదరదు.

అయితే ఇక్కడ ఒక తేడాను స్పష్టం చేసుకోవాలి. మందుపాతర పేల్చినవారిపై కేసు ఉంటుంది, నిందితుల పేర్లు ఉంటాయి, గాలింపు ఉంటుంది, దొరికితే విచారణ ఉంటుంది. అక్కడి కథనంలో కర్తకు లోటు లేదు. రాజ్యం పక్షాన తుపాకి పేలినప్పుడు మాత్రమే వాక్యం కర్తను కోల్పోతుంది. చట్టాన్ని ఉల్లంఘించేవారితో పోరాడుతున్నామని చెప్పే ప్రభుత్వానికి, వారికి లేని బాధ్యత ఒకటి ఉంది. తాను చట్టాన్ని పాటించానని నిరూపించుకోవడమే ఆ బాధ్యత. నక్సలైట్ల హింసను, రాజ్యహింసను రెండింటినీ ప్రశ్నించాలన్న చర్చ 1990లలో పౌరహక్కుల ఉద్యమంలో తీవ్రంగా సాగి, మానవహక్కుల వేదిక ఏర్పాటుకు దారితీసింది. ఆ చర్చ సారాంశం కూడా ఇదే: ఒకరి తప్పు మరొకరి తప్పుకు రసీదు కాదు.

చనిపోయినవాడే ముద్దాయి

పౌరహక్కుల సంఘం చేసిన ఫిర్యాదులపై జాతీయ మానవహక్కుల సంఘం 1996 నవంబరు 5న ఇచ్చిన ఉత్తర్వు ఈ చరిత్రలో మొదటి మలుపు. అప్పటి ఆంధ్రప్రదేశ్‌లో ఎన్‌కౌంటర్ తరువాత పోలీస్‌స్టేషన్‌లో జరిగే తంతును ఆ ఉత్తర్వు వెలుగులోకి తెచ్చింది. కాల్పులు ముగిసిన తరువాత దళంలోని అధికారి స్టేషన్‌కు ఫిర్యాదు ఇస్తాడు. అందులో చనిపోయినవారు తమపై హత్యాయత్నం చేశారని రాస్తాడు. భారత శిక్షాస్మృతి 307 సెక్షన్ కింద, ఆయుధాల చట్టం కింద కేసు నమోదవుతుంది. ముద్దాయి చనిపోయాడు గనుక విచారణ అవసరం లేదని కేసు మూసివేస్తారు.

ఈ కథనంలో కర్తకు కొరత లేదు. కాల్చినవాడు, దాడి చేసినవాడు, నేరం చేసినవాడు అన్ని క్రియలకూ కర్త మృతుడే. అతడి మరణం ఒక్కటే కర్త లేని క్రియగా మిగిలిపోతుంది. ఒక మనిషి చనిపోయిన కేసు, ఆ మరణాన్ని గురించి ఒక్క ప్రశ్న కూడా అడగకుండా ముగుస్తుంది. ఈ పద్ధతి చట్టసమ్మతం కాదని మానవహక్కుల సంఘం తేల్చింది. పోలీసు చేతిలో మరణం సంభవించిందన్న సమాచారమే నేరం జరిగిందని అనుమానించడానికి చాలునని, దానిపై దర్యాప్తు జరగాలని, కాల్పుల్లో పాల్గొన్నవారు అదే స్టేషన్‌కు చెందినవారైతే దర్యాప్తును సీఐడీ వంటి స్వతంత్ర సంస్థకు అప్పగించాలని చెప్పింది. సంఘం అధ్యక్షులు జస్టిస్ ఎం.ఎన్. వెంకటాచలయ్య 1997 మార్చి 29న ఈ మార్గదర్శకాలను అన్ని రాష్ట్రాల ముఖ్యమంత్రులకు పంపారు. 2003లోనూ, 2010లోనూ ఇవి సవరణ పొందాయి. ఘటన జరిగిన 48 గంటల్లో సంఘానికి నివేదించాలని, మెజిస్టీరియల్ విచారణను మూడు నెలల్లో ముగించాలని 2010 నాటి రూపం చెబుతుంది.

తెలుగు ప్రాంతాల అనుభవం నుంచి దేశమంతటికీ ఒక నియమావళి ఏర్పడడం విశేషమే. అయితే అది సిఫారసు మాత్రమే. పాటించకపోతే ఏమవుతుందన్న ప్రశ్నకు అందులో సమాధానం లేదు.

నల్లమల, 2006: పేర్లు చెప్పాలా?

2004 అక్టోబరులో రాష్ట్ర ప్రభుత్వానికి, నక్సలైట్లకు మధ్య చర్చలు జరిగాయి. ఎస్.ఆర్. శంకరన్ నాయకత్వంలోని పౌరస్పందన వేదిక ఏళ్ల తరబడి చేసిన ప్రయత్నం ఆ చర్చల వెనుక ఉంది. చర్చల కోసం నాయకులు నల్లమల నుంచే బయటికి వచ్చారు. 2005 ఆరంభానికి శాంతి ప్రయత్నం విఫలమైంది. తరువాత నల్లమలలో గాలింపులు ముమ్మరమయ్యాయి. 2006 జులై 23న ప్రకాశం జిల్లా పరిధిలోని నల్లమలలో మావోయిస్టు పార్టీ రాష్ట్ర కార్యదర్శి మాధవ్‌తో సహా ఎనిమిది మంది చనిపోయారు.

ఈ ఘటనపై పౌరహక్కుల సంఘం వేసిన పిటిషన్ ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ముందుకు వచ్చింది. ధర్మాసనం తేల్చవలసిన ప్రశ్నల్లో ఒకటి ఈ వ్యాసానికి కేంద్రబిందువు: కాల్పుల్లో పాల్గొన్న పోలీసుల పేర్లను ప్రభుత్వం వెల్లడించాలా? దర్యాప్తు అధికారికైనా చెప్పాలా? భద్రత దృష్ట్యా చెప్పనక్కర లేదన్నది ప్రభుత్వపక్షం వాదన. సోమశిల వంటి ఘటనల నేపథ్యంలో ఆ భయాన్ని కొట్టిపారేయలేం. కాని పేరు లేని ముద్దాయిని ఏ న్యాయస్థానం విచారించగలదు?

2009 ఫిబ్రవరి 6న ధర్మాసనం తీర్పు వెలువరించింది. పోలీసుల చర్య వల్ల మరణం సంభవించిందని సమాచారం అందితే ప్రథమ సమాచార నివేదిక నమోదు చేసి దర్యాప్తు జరపవలసిందేనని, ఆత్మరక్షణ అన్నది విచారణలో నిరూపించుకోవలసిన మినహాయింపే గాని విచారణనే నిరోధించే కవచం కాదని, మెజిస్టీరియల్ విచారణ నేర దర్యాప్తుకు ప్రత్యామ్నాయం కాదని, దర్యాప్తులో బాధ్యుల పేర్లు నమోదు కావాలని స్పష్టం చేసింది. మరొకరి ప్రాణం తీసిన సామాన్యుడు తన ఆత్మరక్షణను కోర్టులోనే నిరూపించుకుంటాడు. పోలీసు కూడా అంతే అన్నది ఈ తీర్పు సారం. ఇందులో కొత్త సూత్రం ఏదీ లేదు. ఉన్న చట్టాన్ని అందరికీ సమానంగా వర్తింపజేయమనడమే ఇందులోని కొత్తదనం.

నెల తిరగకముందే, 2009 మార్చి 4న, సుప్రీంకోర్టు ఈ తీర్పుపై స్టే ఇచ్చింది. దాంతో కర్తను వాక్యంలోకి తేవాలన్న అత్యంత స్పష్టమైన ఆదేశం ఆచరణకు నోచుకోలేదు. ఆ ఏడాది అక్టోబరులో బాలగోపాల్, మరుసటి ఏడాది డిసెంబరులో కన్నబిరాన్ కన్నుమూశారు.

2014 నుంచి చటాన్‌పల్లి వరకు

2014 సెప్టెంబరు 23న పీయూసీఎల్ వర్సెస్ మహారాష్ట్ర కేసులో సుప్రీంకోర్టు 16 మార్గదర్శకాలు ప్రకటించింది. ప్రథమ సమాచార నివేదిక, సీఐడీ లేదా మరో స్టేషన్ బృందంతో స్వతంత్ర దర్యాప్తు, మెజిస్టీరియల్ విచారణ, ఆయుధాల అప్పగింత, శౌర్యం సందేహాతీతంగా రుజువయ్యేదాకా పతకాలు, పదోన్నతులు ఇవ్వకపోవడం వీటిలో ముఖ్యమైనవి. రాజ్యాంగం 141వ అధికరణం కింద ఇవి చట్టంతో సమానమని న్యాయస్థానం పేర్కొంది. అయితే నివేదిక ఎవరిపై నమోదు కావాలన్న విషయంలో 2009 తీర్పుకున్న స్పష్టత ఇక్కడ లేదు. నివేదిక ఉంటే చాలు. అది పాత పద్ధతిలో మృతునిపై నమోదైనా మార్గదర్శకాన్ని పాటించినట్లే చెప్పుకోవడానికి వీలుంది.

ఆరు నెలలు గడిచాక, 2015 ఏప్రిల్ 7న, తెలుగు రాష్ట్రాలు రెండింటిలోనూ ఈ మార్గదర్శకాలకు పరీక్ష ఎదురైంది. వరంగల్ జైలు నుంచి హైదరాబాదు కోర్టుకు తీసుకువెళుతున్న ఐదుగురు విచారణ ఖైదీలు ఆలేరు సమీపంలో పోలీసు వాహనంలోనే, బేడీలతోనే కాల్పులకు గురై మరణించారు. ఆయుధాలు లాక్కోబోయారని పోలీసులు చెప్పారు. అదే రోజు చిత్తూరు జిల్లా శేషాచలం అడవుల్లో ఎర్రచందనం కూలీలు 20 మంది చనిపోయారు. రెండు ఘటనలపైనా ప్రత్యేక దర్యాప్తు బృందాలు ఏర్పడ్డాయి. బృందాలు ఏర్పడినంత వేగంగా నేర విచారణలు మొదలు కాలేదు.

2019 డిసెంబరు 6న షాద్‌నగర్ సమీపంలోని చటాన్‌పల్లి వద్ద, పశువైద్యురాలిపై జరిగిన అత్యాచారం, హత్య కేసులో నిందితులైన నలుగురు యువకులు పోలీసుల కాల్పుల్లో మరణించారు. నలుగురూ పూర్వపు పాలమూరు జిల్లాకు చెందిన నిరుపేద కుటుంబాలవారు. ఆ ఉదయం వంతెనపై నిలబడి జనం పోలీసులపై పూలు చల్లారు. అడవిలో సాక్షులు లేకుండా జరిగే ఎన్‌కౌంటర్, రహదారి పక్కన జయజయధ్వానాల మధ్య జరిగిన ఎన్‌కౌంటర్‌గా మారింది. ఆ యువతికి జరిగిన ఘోరం పట్ల జనంలో రగిలిన ఆగ్రహం న్యాయమైనదే. కాని నేరం చేసింది వీరేనా అన్న ప్రశ్నకు న్యాయస్థానం సమాధానం చెప్పే అవకాశం ఆ ఉదయంతో శాశ్వతంగా పోయింది. కోర్టు తీర్పు కోసం ఎదురుచూసే హక్కు బాధిత కుటుంబానిది కూడా.

డిసెంబరు 12న సుప్రీంకోర్టు జస్టిస్ వి.ఎస్. సిర్పుర్కర్ అధ్యక్షతన విచారణ సంఘాన్ని నియమించింది. 2022 జనవరిలో సమర్పించిన నివేదికలో, ఆయుధాలు లాక్కొని పారిపోబోయారన్న పోలీసు కథనం నమ్మదగినది కాదని, చంపాలన్న ఉద్దేశంతోనే కాల్పులు జరిపారని, నలుగురిలో ముగ్గురు ఘటన నాటికి మైనర్లని సంఘం అభిప్రాయపడింది. పదిమంది పోలీసు అధికారులపై హత్యానేరం కింద విచారణ జరపాలని సిఫారసు చేసింది. తెలుగునాట ఎన్‌కౌంటర్ చరిత్రలో ఒక అధికారిక పత్రం ఇంత నిర్దిష్టంగా, పేరుపేరునా కర్తలను పేర్కొనడం అసాధారణం. 2022 మే 20న సుప్రీంకోర్టు ఈ నివేదికను తెలంగాణ హైకోర్టుకు పంపింది. అధికారులు నివేదికను సవాలు చేశారు. 2024లో హైకోర్టు నివేదిక ఆధారంగా చర్యలు తీసుకోకుండా మధ్యంతర ఉత్తర్వులు ఇచ్చింది. సంఘం అభిప్రాయం కోర్టు తీర్పు కాదు, ఆ అధికారులకు కూడా నిర్దోషిత్వ భావన వర్తిస్తుంది. దాన్ని తేల్చవలసిన చోటు విచారణ న్యాయస్థానం. ఆ చోటికి కేసు చేరడమే ఇంకా మిగిలి ఉన్న పని.

నెమ్మదితనానికి కారణాలు

ఈ చరిత్రలో సంస్కరణ ఆగిపోలేదు, మెల్లగా నడిచింది. దానికి మూడు కారణాలు కనబడతాయి.

మొదటిది చట్టం వయసు. తెలంగాణ జిల్లాల పోలీసు వ్యవస్థకు మూలమైన జిల్లా పోలీసు చట్టం 1329 ఫసలీ నాటిది, అంటే 1919-20 నాటిది. బ్రిటిషు ఇండియాకు 1861 పోలీసు చట్టం ఎలాంటిదో నిజాం రాజ్యానికి ఇది అలాంటిది. రెండూ పాలకునికి జవాబుదారీ అయిన పోలీసును ఊహించినవే గాని పౌరునికి జవాబుదారీ అయిన పోలీసును ఊహించినవి కావు. 1977లో ఏర్పడిన జాతీయ పోలీసు కమిషన్ 1981 నాటికి ఎనిమిది నివేదికలు ఇచ్చింది. వాటి అమలు కోసం వేసిన ప్రకాశ్‌సింగ్ కేసులో సుప్రీంకోర్టు 2006 సెప్టెంబరు 22న ఏడు ఆదేశాలు జారీచేసింది. నల్లమల ఎన్‌కౌంటర్ జరిగి అప్పటికి రెండు నెలలు. పోలీసులపై ఫిర్యాదులు వినే ప్రత్యేక ప్రాధికార సంస్థలు రాష్ట్ర, జిల్లా స్థాయిల్లో ఉండాలన్నది ఆ ఆదేశాల్లో ఒకటి. నివేదిక నుంచి తీర్పుకు పట్టిన కాలమే పాతికేళ్లు.

రెండవది అనుమతి నిబంధన. విధి నిర్వహణలో చేసిన చర్యకు ప్రభుత్వ ఉద్యోగిని ప్రాసిక్యూట్ చేయాలంటే ప్రభుత్వ అనుమతి కావాలన్న నేర శిక్షాస్మృతి 197 సెక్షన్, 2024 జులై 1 నుంచి అమలైన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 218 సెక్షన్‌గా కొనసాగింది. నిజాయితీగా పనిచేసే అధికారికి ఈ రక్షణ అవసరమే. కాని ఆజ్ఞ ఇచ్చినవారి చేతిలోనే అనుమతి కూడా ఉన్నప్పుడు అది రక్షణ దాటి అడ్డుగోడ అవుతుంది.

మూడవది దర్యాప్తు ఎవరిదన్న ప్రశ్న. ఇంగ్లండు, వేల్సులలో పోలీసు కాల్పుల్లో మరణం సంభవిస్తే ఆ విషయం తప్పనిసరిగా పోలీసులతో సంబంధం లేని స్వతంత్ర సంస్థకు వెళుతుంది. ఐక్యరాజ్యసమితి 2016లో సవరించిన మిన్నెసోటా ప్రోటోకాల్ కూడా దర్యాప్తు అనుమానితుల నుంచి స్వతంత్రంగా ఉండాలంటుంది. ఇక్కడ సీఐడీకి అప్పగించడమే స్వతంత్రతగా చెల్లుబాటు అవుతున్నది. ఒకే శాఖలోని ఒక విభాగం మరో విభాగాన్ని విచారిస్తున్నది.

ముగింపు

1975 నాటి గిరాయిపల్లి నుంచి 2024 నాటి మధ్యంతర ఉత్తర్వు వరకు 49 ఏళ్లు. ఈ కాలంలో కథనం ఎంతో మారింది. పౌరసంఘాల నివేదికల్లో మాత్రమే ఉన్న కర్త మానవహక్కుల సంఘం ఉత్తర్వులోకి, అక్కడి నుంచి హైకోర్టు తీర్పులోకి, చివరికి సుప్రీంకోర్టు నియమించిన సంఘం నివేదికలోకి వచ్చాడు. ప్రతి అడుగుకూ పదేళ్ల నుంచి ఇరవై ఏళ్లు పట్టింది, చివరి రెండు అడుగుల తరువాతా న్యాయస్థానం అడ్డుకట్ట ఎదురైంది. ప్రథమ సమాచార నివేదిక అనే మొదటి కాగితంలోకి మాత్రం ఆ కర్త ఇంకా ప్రవేశించలేదు. సంస్కరణ మొదలు కావలసింది చివరి కాగితంలో కాదు, మొదటి కాగితంలో.

ఏటా అక్టోబరు 21న పోలీసు అమరుల సంస్మరణ దినం జరుగుతుంది. ఆ ఏడాది విధి నిర్వహణలో మరణించిన ప్రతి పోలీసు పేరును చదువుతారు. హోదా, ఊరు, పేరు – ఏదీ విడిచిపెట్టరు. అది గౌరవనీయమైన ఆచారం. మనుషులను పేరుపేరునా గుర్తించడం ఈ వ్యవస్థకు చేతకాని పని కాదని ఆ ఆచారమే చెబుతున్నది. తమవారి మరణాన్ని గుర్తుంచుకోవడానికి పాటించే ఆ నిర్దిష్టతను తమ చేతిలో సంభవించిన మరణాన్ని నమోదు చేయడంలోనూ పాటించిన నాడు, సోమశిల రేవుకు అటూ ఇటూ ఉన్న పల్లెలు అడిగే ప్రశ్నకు చట్టం సమాధానం చెప్పడం మొదలుపెట్టినట్లు అవుతుంది.